ద్రాక్షతోటలో కనిపించని మనిషి

రోమన్ కవి వర్జిల్ సుమారు క్రీ.పూ. 29లో ముగించిన ‘జార్జిక్స్’ను వ్యవసాయ కావ్యాల్లో మేటిగా చెబుతారు. అటువంటి కావ్యం చదివేటప్పుడు విమర్శకుని ముందు ఒక ప్రశ్న నిలుస్తుంది. కవి పొలాన్ని చూశాడు, నిజమే. ఆ పొలంలో పనిచేసిన చేతుల్ని చూశాడా?

వర్జిల్‌కు నేల తెలుసు. కావ్యం రెండో భాగంలో మట్టి గుణాన్ని పరీక్షించే పద్ధతులు చెబుతాడు. ద్రాక్ష వరసలను యుద్ధానికి బారులు తీరిన సేనతో పోలుస్తాడు. ఇది ఊహలో పుట్టిన ఉపమానం కాదని తవ్వకాలు రుజువు చేశాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పడిన పాంపే నగరంలో, పశువుల సంత అని అంతవరకు అనుకున్న స్థలాన్ని విల్హెల్మినా జషెమ్‌స్కీ 1966 నుంచి తవ్వారు. అది ద్రాక్షతోట అని తేలింది. వేళ్లు కుళ్లి మిగిల్చిన బొరియలు 2,000కు పైగా బయటపడ్డాయి. వాటిలో సిమెంటు పోసి అచ్చులు తీశారు. పాదుకూ పాదుకూ దాదాపు నాలుగు రోమన్ అడుగుల ఎడం, పక్కనే ఊతకర్ర పాతిన గుంట, తోటలోనే రసం పిండే చోటు, నేలలో పాతిన పెద్ద మట్టి కాగులు. ఈ మేరకు నేల కవి పక్షానే సాక్ష్యం చెప్పింది.

కాని ‘జార్జిక్స్’లో కనిపించే శ్రామికుడు రైతు ఒక్కడే. ఆనాటి ఇటలీలో పెద్ద కమతాలను మోసిన బానిస దాదాపు ఎక్కడా లేడు. కవిత్వం దాచినదాన్ని వ్యవసాయ వచనం దాచలేదు. వర్జిల్ సమకాలికుడైన వారో బానిసను మాట్లాడే పనిముట్టుగా లెక్క గట్టాడు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో కొలుమెల్లా మరింత స్పష్టంగా రాశాడు. ద్రాక్ష పనికి చురుకైన బుద్ధి కావాలట, అందుకే ఆ తోటల్లో ఎక్కువగా సంకెళ్లు వేసిన బానిసలే పనిచేస్తారట! నైపుణ్యం ఉన్నవాడికే సంకెల. దోపిడీ స్వభావాన్ని దోపిడీదారు పక్షం వాడే ఇంత సూటిగా ఒప్పుకోవడం అరుదు. ఆ సంకెళ్ల మనుషులను ఉంచే గదికి కిటికీలు చేయి అందనంత ఎత్తులో ఉండాలని కూడా అతని సలహా.

2021లో పాంపే గోడల అవతల చివిటా జూలియానా భవంతిలో 16 చదరపు మీటర్ల గది ఒకటి బయటపడింది. బానిసలు ఉన్న గదిగా దాన్ని గుర్తించారు. ద్రాక్షవేళ్ల లాగే, బూడిదలో మిగిలిన ఖాళీల్లో జిప్సం పోస్తే మూడు మంచాలు రూపు కట్టాయి. ఒకటి మిగతా రెంటికన్నా పొట్టి. వెలుతురుకు పైన ఒక్క చిన్న కిటికీ. ఆ మంచాల మీద పడుకున్నవారు ద్రాక్షతోటలోనే పనిచేశారనడం తొందరపాటు. అయితే వర్జిల్ పద్యంలో చోటు దొరకని మనిషికి బూడిదలో చోటు దొరికిందనడం అతిశయోక్తి కాదు.

దీన్నిబట్టి వర్జిల్‌ను తోసిపుచ్చాలనడం మొరటు విమర్శ అవుతుంది. మట్టిని గురించి అతను చెప్పింది నిజం. అయితే వివరాల్లో వాస్తవికత వేరు, సంబంధాల్లో వాస్తవికత వేరు. మొదటిది పరిశీలనతో వస్తుంది. రెండోది కవి ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాడన్న దాన్నిబట్టి వస్తుంది. పచ్చని చేలను, పైరగాలిని వర్ణించే మన పల్లె కవిత్వానికీ ఈ గీటురాయే వర్తిస్తుంది. ఆ చేలో పాలేరు ఉన్నాడా, లేడా? లేకపోతే ఆ ఖాళీని చూపించడం విమర్శకుని పని, నింపడం రచయిత పని.