ఫోన్ తీసుకున్న కోచ్

నెల్లూరు జిల్లా కొడవలూరు నుంచి హైవే పట్టుకొని ఉత్తరంగా వెళ్లి, ఒంగోలు దాటాక పక్కకు తిరిగితే నాగండ్ల వస్తుంది. పుల్లెల గోపీచంద్ 1973లో పుట్టింది ఆ ఊళ్లోనే. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన ఆటగాడిగా ఆయన అందరికీ తెలుసు. నాకు అంతకంటే ముచ్చటేసేది కోచ్‌గా ఆయన రూలు పెట్టే తీరు. మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో కబడ్డీ జట్టును తయారుచేసే పీఈటీ సారు ఎవరైనా తీరిగ్గా చూడాల్సిన పనితనం అది.

రియో ఒలింపిక్స్ సంగతే తీసుకోండి. 2016 ఆగస్టు 19న ఆయన శిష్యురాలు పి.వి. సింధు ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో మూడు గేముల్లో ఓడి రజతం తెచ్చింది. మ్యాచ్ అయ్యాక గోపీచంద్ చెప్పిన మాటలు పేపర్లన్నింట్లో వచ్చాయి. మూడు నెలలుగా ఆ అమ్మాయి దగ్గర ఫోన్ లేదు, ఇక ఇచ్చేస్తానన్నారు. రియోకు వచ్చిన దగ్గర్నుంచి ఇష్టమైన తియ్య పెరుగు, ఐస్‌క్రీమ్ కూడా మానిపించానని, ఇప్పుడు ఏం కావాలన్నా తినొచ్చని చెప్పారు. జనం దీన్ని కఠినత్వం అనుకున్నారు. నాకు మాత్రం ఇందులో కనిపించేది గడువు. ఫైనల్ అయిన రోజే ఆంక్షలన్నీ ఎత్తేశారు. ఎప్పటిదాకా అన్నది తెలిస్తే పిల్లలు ఎంత కష్టమైనా ఓర్చుకుంటారు. ‘నేను చెప్పేదాకా అంతే’ అంటేనే మొండికేస్తారు.

ఇంకొకటి, రూలు ముందు పెట్టినవాడి మీదే పడాలి. ఆల్ ఇంగ్లండ్ గెలిచాక కూల్‌డ్రింకు ప్రకటన చేయమని అడిగితే, తాను తాగనిది పిల్లల్ని తాగమని చెప్పలేనని ఆయన కాదన్నారు. ఆ రోజుల్లో అది చిన్న డబ్బు కాదు. తర్వాత గచ్చిబౌలిలో అకాడమీ కట్టడానికి సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. అలాంటి మనిషి ఐస్‌క్రీమ్ వద్దంటే ఏ పిల్ల ఎదురు చెబుతుంది? సింధు చిన్నప్పుడు ఆయన దగ్గర శిక్షణ కోసం రోజూ 56 కిలోమీటర్లు తిరుగుతూ కూడా టైముకు కోర్టులో ఉండేదని అప్పట్లోనే రాశారు.

అయితే ఆయన చేసిందల్లా కాపీ కొట్టమని నేననను. సింధు నెమ్మదైన పిల్ల, కోర్టులో గొంతు పైకి లేచేది కాదు. ఒకరోజు తోటి ఆటగాళ్లు, కోచ్‌లు అంతా చూస్తుండగా ఆమెను కోర్టు మధ్యలో నిలబెట్టి గట్టిగా అరవమన్నారు, అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారు. ఆమె ఏడ్చింది, చివరికి అరిచింది. ఆ అరుపు తర్వాత ప్రపంచమంతా విన్నది. కానీ అది ఒక్క పిల్లను ఏళ్ల తరబడి గమనించి రాసిన మందు చీటీ. దాన్నే ఎనిమిదో తరగతి పిల్లవాడి మీద ప్రయోగిస్తే అవమానం తప్ప ఏమీ మిగలదు, వాడు మర్నాడు గ్రౌండుకే రాడు.

అందరికీ న్యాయం చేయడం దగ్గర ఆయనా ఇబ్బంది పడ్డారు. డబుల్స్‌ను చిన్నచూపు చూస్తున్నారని డబుల్స్ క్రీడాకారిణి గుత్తా జ్వాల బహిరంగంగానే విమర్శించారు. ఆ మాటను తీసిపారేయలేం, ఎందుకంటే జాతీయ కోచ్, అకాడమీ యజమాని ఒకరే అయినప్పుడు అనుమానం రాక మానదు. 2014లో సైనా నెహ్వాల్ ఆయన్ను వదిలి బెంగళూరులో కోచ్ విమల్ కుమార్ దగ్గరికి వెళ్లింది. 2017లో మళ్లీ వచ్చింది. వెళ్లినవాళ్లు తిరిగొస్తే తలుపు తీయడం కూడా కోచింగులో భాగమే. మరుసటి ఏడాది గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ ఫైనల్లో సైనా, సింధు తలపడ్డారు. ఒకే దేశం వాళ్లు ఆడితే కోచ్ కుర్చీలో కూర్చోకపోవడం బ్యాడ్మింటన్‌లో ఆనవాయితీ. ఇద్దరూ తనవాళ్లే అయిన రోజున కోచ్ పక్షం తీసుకోకుండా ఉండడానికి అంతకు మించిన ఏర్పాటు ఉంటుందా?

కబడ్డీలో ఆ వెసులుబాటు లేదు. పన్నెండు మందిని తీసుకెళితే కోర్టులోకి దిగేది ఏడుగురే. బయట కూర్చున్న అయిదుగురిలో సర్పంచి గారబ్బాయీ ఉండొచ్చు, రోజూ అందరికంటే ముందొచ్చి గ్రౌండులో ముగ్గు పొడితో గీతలు వేసేవాడూ ఉండొచ్చు. ఎవరు ఎందుకు బయట ఉన్నారో మండల పోటీలకు బస్సెక్కకముందే ఆ అయిదుగురికీ విడివిడిగా చెప్పే సారుకు, మ్యాచ్ మధ్యలో వాళ్ల నాన్నలతో వాదన పెట్టుకునే పని ఉండదు.