జాక్ ది రిప్పర్ వాదములు : ప్రమాణ విచారము

లండను నగరపు తూర్పుభాగమున, వైట్‌చాపెల్ పరిసరములందు, 1888 ఆగస్టు 31 మొదలు నవంబరు 9 వరకు ఐదుగురు స్త్రీలు దారుణహత్యకు గురియైరి. హంతకుడు పట్టుబడలేదు. నాటినుండి నేటివరకు వాడెవడో నిర్ణయింప వెలువడిన గ్రంథములు పెక్కు. ఆ వాదముల ప్రమాణబల మెట్టిదో యిచట విచారింతము.

ముందుగా పేరునే గైకొందము. 'జాక్ ది రిప్పర్' అను సంతకము 1888 సెప్టెంబరు 25వ తేదీ వేసి, సెంట్రల్ న్యూస్ అను వార్తాసంస్థకు పంపబడిన లేఖలోనిది. అది పత్రికారచయిత కల్పనయే యని నాటి పోలీసు అధికారులు కొందరు విశ్వసించిరి. అట్లయినచో లోకమెఱిగిన పేరు హంతకుడు పెట్టుకొన్నది కాదు, పత్రిక పెట్టినది. పేరు గలుగుటతోడనే నేరము కథ యయ్యెను. కథ యన్నపుడు పాఠకుడు ముగింపును కోరుట సహజము. ఈ కుతూహలమునకు మూల మిదియేయని మా తలంపు.

వాదకులు తఱచుగ నాశ్రయించు పత్రము 1894లో మెల్విల్ మెక్‌నాటెన్ వ్రాసిన నివేదిక. ఈ అధికారి పోలీసు కొలువున చేరినది 1889లో, అనగా హత్యల పిమ్మట. హతులైనవారు ఐదుగురు మాత్రమే యని నిర్ధారించినదియు, డ్రూయిట్, కోస్మిన్‌స్కీ, ఆస్ట్రోగ్ అను మువ్వురను శంకించినదియు నీ నివేదికయే. అందు వైద్యుడుగా పేర్కొనబడిన డ్రూయిట్ నిజమునకు న్యాయవాది, ఉపాధ్యాయుడు. ఆస్ట్రోగ్ హత్యాకాలమున ఫ్రాన్సు చెరసాలలో నుండెనని అనంతర పరిశోధనమున తేలినది.

1976లో స్టీఫెన్ నైట్ రాజకుటుంబ రహస్యమును కాపాడుటకై జరిగిన కుట్రను ఊహించెను. 2002లో పట్రీషియా కార్న్‌వెల్ చిత్రకారుడగు వాల్టర్ సికెర్ట్‌ను దోషిగ నిలిపెను. వీరిరువురును వ్యక్తిని ముందు నిర్ణయించి, హేతువును పిదప వెదకినట్లు తోచును. ఇట్టివి అనుమాన ప్రమాణములు కావు, హేత్వాభాసములు. వీని ఫలితము గ్రంథములకే పరిమితము కాదు. 1888లోనే 'లెదర్ ఏప్రన్' అను వదంతి మూలమున జాన్ పైజర్ అను యూదుడు నిర్బంధింపబడి, నిర్దోషియని తేలి విడుదలయ్యెను.

2019లో హాలీ రూబెన్‌హోల్డ్ ప్రకటించిన 'ది ఫైవ్' ఈ మార్గమును విడిచినది. అందు హంతకుని ప్రసక్తి దాదాపు లేదు. మేరీ ఆన్ నికల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడ్డోస్, మేరీ జేన్ కెల్లీల జీవితములే అందలి వస్తువు. వారిలో మువ్వురు వేశ్యలనుటకు ఆధారము లేదనియు, పలువురు నిద్రలోనే హతులైరనియు నామె వాదము. రెండవది కూడ ఊహయే. దానిని సైతము అదే త్రాసున తూచవలెను. అయినను, పేదఱికము, మద్యపానము, నిలువనీడ లేమి ఆ స్త్రీల నెట్లు వీధిపాలు చేసెనో చూపుటలో ఈ గ్రంథము కృతార్థమైనది.

విచారణలలోని సాక్ష్యములు అందఱకును లభ్యములే. వాదకులు వానియందు హంతకుని జాడను మాత్రమే వెదకిరి. ఈమె మృతుల బ్రదుకులను చదివెను. ఆధారము నడిగెడి ప్రశ్న మాఱినపుడు అదే ఆధారము క్రొత్త సత్యము నీయగలదని పరిశోధక విద్యార్థులు గుర్తింపదగును.