రాధికా కర్తృత్వవిచారము

నటీనటుల చరిత్రలు వ్రాయువారు వారు ధరించిన పాత్రల పట్టికతోడనే తృప్తినొందుదురు. నటి నిర్మాత్రి కూడ నగునేని, ఆ రెండవభాగమును వర్తకవిషయమని యొకటి రెండు వాక్యములతో విడుతురు. ఈ పద్ధతి సరికాదని నా యభిప్రాయము. ఇందులకు నటి రాధిక చరిత్ర చక్కని యుదాహరణము.

పాణిని క్రియయందు స్వతంత్రమైనదానికిఁ గర్తృసంజ్ఞ చెప్పి, యా కర్తను బ్రేరేపించువానికి హేతుసంజ్ఞతోఁబాటు కర్తృసంజ్ఞయుఁ గలదనెను. చేయువాఁడును గర్తయే, చేయించువాఁడును గర్తయే. ఈ రెండు విధముల కర్తృత్వము నొక్క వ్యక్తియందే కలిసినపుడు విమర్శ యెట్లుండవలెననునదే యిచటి ప్రశ్నము.

రాధిక తమిళ రంగస్థలమునఁ బ్రసిద్ధుఁడైన ఎం. ఆర్. రాధా కూఁతురు. 1978లో భారతీరాజా దర్శకత్వమున వెలువడిన ‘కిళక్కే పోగుం రయిల్’ ఆమె తొలిచిత్రము. పట్టణమేఁగిన ప్రియుఁడు రైలుబండి కడపటి పెట్టెపై వ్రాసిపంపు మాటలకై యెదురుచూచు పల్లెపడుచు పాత్ర యది. ఆ ప్రియుని వేషము ధరించినవాఁడు తెలుఁగువాఁడైన సుధాకర్. తెలుఁగున 1981లో వచ్చిన ‘న్యాయం కావాలి’యందు ఆమె మోసపోయి న్యాయస్థానమున నిలిచిన యువతి. ఈ చిత్రమునకు మూలము డి. కామేశ్వరి నవల. 1986లో కె. విశ్వనాథ్ తీసిన ‘స్వాతిముత్యం’లో ఆమె బిడ్డతల్లియైన యువవిధవ. అనుకొనకుండ మెడలోఁ బడిన తాళిని ఆ పాత్ర మొదట భయముతోను, పిదప నిశ్చయముతోను స్వీకరించును. ఈ మార్పును సంభాషణముకంటె ముఖమే యెక్కువగాఁ దెలుపును.

ఈ మూఁడింటను ఆమె దర్శకుల చేతి పరికరమే కదా యని కొంద ఱనవచ్చును. అట్లనువారు కారకముల విషయమున భాష్యకారుని మతమును మఱచిరి. కట్టెలు వండుచున్నవని లోకమున వ్యవహారము కలదు. వంటకుఁ గట్టె కరణమే యయినను, మండుటయను స్వవ్యాపారమునఁ గట్టెయే స్వతంత్రము. దర్శకుఁడు కథను వండవచ్చును; మండవలసినది నటియే.

ఇఁక చేయించుట. నాయికాపాత్రలు తఱిగిన పిదపఁ జేపట్టిన జీవనోపాయమే ఆమె నిర్మాతృత్వ మని తలంచుట పొరపాటు. ప్రతాప్ పోతన్ తొలిసారి దర్శకత్వము వహించిన ‘మీండుం ఒరు కాదల్ కదై’ చిత్రమును నిర్మించినది ఆమెయే. 1985లో వెలువడిన యా చిత్రమునకు, నూతనదర్శకుని ప్రథమచిత్రమున కిచ్చు ఇందిరాగాంధీ జాతీయపురస్కారము లభించినది. అనఁగా ‘స్వాతిముత్యం’నకు ముందే ఆమె ప్రయోజకకర్త్రి.

పిదప రాడాన్ సంస్థ నెలకొల్పి టెలివిజను ధారావాహికలను నిర్మించెను. 1999 మొదలు 2001 వఱకు సన్ టీవీలో నడచిన ‘చిత్తి’ తెలుఁగున ‘పిన్ని’ పేర జెమిని టీవీలోఁ బ్రసారమైనది. తమిళమునఁ జిత్తి, తెలుఁగునఁ బిన్ని, రెండును దల్లి చెల్లెలికిఁ జెల్లును, సవతితల్లికిని జెల్లును. కావున ననువాదమునఁ బేరును జెడలేదు, శ్లేషయుఁ జెడలేదు. మన కథలలో సవతితల్లి యనఁగాఁ గ్రూరురాలను భావము రూఢము. తల్లిలేని బాలికకుఁ దల్లియైన శారద కథను నడపి యా రూఢిని ద్రోసివైచుటయే యీ కృతి సాధించిన విశేషము. శారద వేషము ధరించినదియు, కృతిని నిర్మించినదియు రాధికయే. ఇచటఁ గర్తృత్వము ద్విగుణము.

దోషములు లేవా? కలవు. 2013 మొదలు 2018 వఱకు నడచిన ‘వాణి రాణి’యందు అక్కచెల్లెండ్ర రెండు వేషములును ఆమెవే. 1981లో న్యాయమడిగిన పాత్ర ధరించినయామె యిందు న్యాయవాదినియుఁ గృహిణియు నగుట గమనింపఁదగినది. కాని యైదేండ్లకుఁ బైఁగా సాగిన యీ కృతియందుఁ బ్రధానకథ యేదో, ప్రాసంగిక మేదో తెలియరాదు. నిర్వహణసంధి యెప్పటికప్పుడు వెనుకకుఁ బోవుచుండును. ప్రతిదినము కొంత యాకాంక్షను మిగిల్చి యాపవలెనను నియమమే యిందులకుఁ గారణము. ఆకాంక్ష వాక్యమునకుఁ బ్రాణము. కాని యెన్నఁడును దీఱని యాకాంక్ష వాక్యమును వాక్యము గానీయదు.

ఆమెను మెచ్చువారు ఈ దోషమును బ్రకటనదారులపైని, కాలముపైని వేసి యామెను దప్పింతురు. మెచ్చనివారు ధారావాహికలన్నియు నిట్టివే యని త్రోసివేసి యామె పేరైన నెత్తరు. ఇరుతెగలవారును ఆమెకుఁ గర్తృసంజ్ఞను నిరాకరించినవారే. హేతుత్వము నంగీకరించినచో గుణముతోఁబాటు దోషమును ఆమెదే యనవలెను. అది యవమానము గాదు, గౌరవమే.

కావునఁ బరిశోధకులు ఆమె నటించినవాని సరసనే నిర్మించినవానిని సంవత్సరములతో నెక్కించి, యొక్కొక్కదాని కథాసంవిధానమును బరీక్షింపవలెను. ఏండ్లతరబడి సాగిన భాగములను వరుసగాఁ జూచుట శ్రమయే. ‘పిన్ని’ పదమున కర్థము వ్రాయు నిఘంటుకారునకు సైతము ఆ శ్రమ వ్యర్థము గాదు.