చిత్రానికి అందనిది: పిడుదుల మెదడువాపు సోకిన పిల్లల ఎం.ఆర్.ఐ. అధ్యయనాలపై ఒక విమర్శ

కీలకపదాలు: పిడుదులు, మెదడువాపు, ఎం.ఆర్.ఐ., థాలమస్, కార్యస్మృతి, పిల్లలు.

ఉపోద్ఘాతం

పశువుల ఒంటిమీది పిడుదు తెలుగువారికి కొత్తది కాదు. కాని ఐరోపా అడవుల్లో, గడ్డిమైదానాల్లో ఉండే ఇక్సోడిస్ జాతి పిడుదు కరవడం వల్ల వచ్చే మెదడువాపు మన ప్రాంతపు వ్యాధి కాదు. స్వీడన్, జర్మనీ, ఆస్ట్రియా, బాల్టిక్ దేశాలు మొదలుకొని రష్యా తూర్పు కొస వరకు దాని ఉనికి. అయితే దాని కారకమైన వైరస్ మనకు పూర్తిగా పరాయిది కూడా కాదు. తెలుగు జిల్లాల్లో పిల్లలను బలిగొన్న జపనీస్ మెదడువాపు వైరస్, 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో బయటపడిన క్యాసనూరు అటవీ వ్యాధి వైరస్ కూడా ఇదే ఫ్లేవివైరస్ వర్గానికి చెందినవి.

పెద్దలతో పోలిస్తే పిల్లల్లో ఈ వ్యాధి తేలికగా పోతుందనే అభిప్రాయం వైద్యసాహిత్యంలో బలంగా ఉంది. ప్రాణాపాయం, పక్షవాతం లెక్కన చూస్తే అది తప్పు కాదు. ఆ అభిప్రాయానికి మెదడు చిత్రం ఎంతవరకు సాక్ష్యం కాగలదన్నదే ఈ వ్యాసంలో పరిశీలించే అంశం.

ఎవరి మెదడును చిత్రించారు?

ఈ వ్యాధిని నిర్ధారించేది చిత్రం కాదు. రక్తంలోని ప్రతిరక్షకాలు, వెన్ను ద్రవంలో పెరిగిన కణాల సంఖ్య, రోగలక్షణాలు కలిసి నిర్ధారిస్తాయి. నైరుతి జర్మనీలో 656 మంది రోగులను పరిశీలించి 1999లో ప్రకటించిన ప్రసిద్ధ అధ్యయనంలో, ఎం.ఆర్.ఐ. తీసినవారిలో మార్పులు కనిపించింది 18 శాతం మందిలోనే. ఆ మార్పులు ముఖ్యంగా థాలమస్‌లో కనిపించాయి. ఇది పిల్లలకు ప్రత్యేకించిన అధ్యయనం కాదు. అయినా చిత్రం ఎంత తరచుగా మౌనంగా ఉంటుందో దీనివల్ల తెలుస్తుంది.

దీనికి భిన్నంగా, 2016లో ‘యూరోపియన్ జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్ న్యూరాలజీ’లో వచ్చిన ఒక వ్యాసం 11 మంది పిల్లల చిత్రాలను వివరించింది. థాలమస్‌తోపాటు మెదడు పైపొర, చిన్నమెదడు, కాడేట్ కేంద్రకం దెబ్బతిన్న తీరును ఆ రచయితలు శ్రద్ధగా నమోదు చేశారు. వర్ణన విలువైనదే, చిక్కంతా దానిని చదివే తీరులో ఉంది. తలనొప్పి, జ్వరం, నీరసంతో వచ్చి వారంలో ఇంటికి వెళ్లిపోయే పిల్లవాడికి సాధారణంగా స్కాన్ తీయరు. చిన్నపిల్లలైతే కదలకుండా ఉండేందుకు మత్తు కూడా ఇవ్వాలి. కనుక స్కాన్ దాకా వెళ్లేది ఎక్కువగా మూర్ఛ, స్పృహ తప్పడం వంటి తీవ్ర లక్షణాలున్నవారే. ఇలాంటి వర్ణన గాయం ఎక్కడ ఉంటుందో చెప్పగలదు. గాయం ఎంతమందిలో ఉంటుందో మాత్రం చెప్పలేదు. జపనీస్ మెదడువాపులో రెండువైపుల థాలమస్ దెబ్బతినడం చూసి అలవాటుపడిన మన పాఠకులు ఈ తేడాను మరింత జాగ్రత్తగా గమనించాలి.

బడికి తిరిగి వెళ్లాక

స్వీడన్‌లో 2004–2008 మధ్య ఈ వ్యాధి సోకిన 55 మంది పిల్లలను రెండు నుంచి ఏడేళ్ల తరువాత పరిశీలించిన అధ్యయనం 2013లో వెలువడింది. మూడింట రెండువంతుల మందికి ఏదో ఒక ఇబ్బంది మిగిలింది: తలనొప్పి, అలసట, చిరాకు, నేర్చుకోవడంలో కష్టం. పని మొదలుపెట్టడం, క్రమంలో పెట్టుకోవడం కష్టమవుతున్నాయని మూడోవంతుకు పైగా పిల్లల గురించి తల్లిదండ్రులో ఉపాధ్యాయులో చెప్పారు. ప్రామాణిక ప్రజ్ఞాపరీక్షకు వచ్చిన పిల్లల కార్యస్మృతి సగటుకన్నా తక్కువగా తేలింది. (కార్యస్మృతిని ‘జ్ఞాపకశక్తి’ అంటే అర్థం మారిపోతుంది. పద్యం మరిచిపోవడం వేరు, లెక్క సగంలో ఉండగా చేతిలో ఉంచుకున్న అంకె జారిపోవడం వేరు. రెండోదే ఇక్కడి విషయం.)

ఈ అధ్యయనానికీ లోపాలున్నాయి. లక్షణాల ప్రశ్నావళికి సమాధానాలు అందింది 42 మంది విషయంలో. ప్రజ్ఞాపరీక్ష జరిగింది 20 మందికే. ఇబ్బంది ఉన్న ఇంటివారే పరీక్షకు ఎక్కువ ఆసక్తితో వచ్చి ఉండవచ్చు. కాబట్టి ‘మూడింట రెండువంతులు’ అన్న మాటను ఖచ్చితమైన కొలతగా పట్టుకోలేం. ఆ అంకెను సగానికి తగ్గించుకున్నా, ‘పిల్లల్లో తేలిక’ అన్న మాట నిలబడటం కష్టం.

శ్రమపడే మెదడు

చిత్రానికీ బడికీ మధ్య ఉన్న ఈ ఖాళీని పూడ్చడానికి ప్రయత్నించిన స్వీడన్ పరిశోధన కూడా 2016లోనే, అదే పత్రికలో వచ్చింది. అందులోనూ రోగులు పదకొండుమందే కావడం యాదృచ్ఛికం. వారిని 55 మంది ఆరోగ్యవంతులతో పోల్చారు. స్థానాలను గుర్తుంచుకునే పని చేయిస్తూ, మెదడులో రక్తపు ఆక్సిజన్ మార్పులను ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ.తో కొలిచారు. రోగుల కార్యస్మృతి స్పష్టంగా తక్కువగా ఉంది. దానికి సంబంధించిన పైపొర ప్రాంతాల్లో సంకేతం మాత్రం ఎక్కువగా వచ్చింది. నీటి అణువుల కదలికను బట్టి నరాల తంతువుల స్థితిని అంచనా వేసే డిఫ్యూజన్ చిత్రణలో తేడా కనిపించలేదు.

నా దృష్టిలో ఈ మూడింటిలో ఎక్కువ ఆలోచింపజేసేది ఇదే. ఆకృతిలో ఏమీ కనిపించని మెదడు పనిలో వేరుగా ప్రవర్తించగలదని ఇది చూపింది. అయితే విస్తృతమైన నాడీకణ నష్టం ఉన్న ఇతర రోగులతో పోలిక ఉందన్న రచయితల వ్యాఖ్య దగ్గర ఆగవలసి వస్తుంది. ఒకే బరువును బలహీనుడు ఎత్తినప్పుడు కండరం ఎక్కువ బిగుస్తుంది. ఆ బిగింపే కండరం చిరిగిందనడానికి రుజువు కాదు. కార్యస్మృతి తక్కువగా ఉన్న పిల్లలకు అదే పని మరింత కఠినం. పెరిగిన సంకేతం నష్టానికి గుర్తా, ఆ కాఠిన్యానికి గుర్తా అన్నది ఈ పోలికలో తేలదు. కార్యస్మృతి తక్కువగా ఉండి ఈ జబ్బు ఎరుగని పిల్లలను మరో జట్టుగా తీసుకుని ఉంటే కొంత తేలేది. పైగా ఇది జట్టు సగటు. ఒక్క పిల్లవాడిని స్కాన్‌లో పడుకోబెట్టి, అతని చదువు ఎందుకు వెనకబడిందో దీని ఆధారంగా చెప్పలేం.

డిఫ్యూజన్ ఫలితం విషయంలోనూ అంతే. పదకొండుమంది ఉన్న జట్టులో పెద్ద తేడా మాత్రమే పట్టుబడుతుంది. ‘తేడా కనిపించలేదు’ అన్న మాట ఒకరినుంచి ఒకరు ఉటంకించేసరికి ‘తేడా లేదు’గా మారే అవకాశం ఎక్కువ. ఆసుపత్రి నివేదికలోని ‘నార్మల్’ అన్న మాట తల్లిదండ్రుల చెవిలో ‘ఏమీ లేదు’గా మారేదీ ఇలాగే. ఆ తరువాత మార్కులు తగ్గితే పిల్లవాడి సోమరితనం మీదికి పోతుంది.

తీవ్రతతో నిమిత్తం లేకుండా ఒక ప్రాంతంలో వ్యాధి సోకిన పిల్లలందరికీ ఒకే పద్ధతిలో జబ్బు సమయంలో ఒకసారి, రెండేళ్లకు మరొకసారి చిత్రణ జరిపి, రెండుసార్లూ కార్యస్మృతిని కొలిస్తే తప్ప, పైన చూసిన ఏ వ్యాసమూ రెండోదానికి జవాబు కాలేదు.