డాష్‌బోర్డు వెనక పనితనం

కారులో తియ్యటి వాసన, అద్దం మీద తుడిచినా పోని జిడ్డు పొర, ముందు సీటు దగ్గర తడిసిన కార్పెట్. ఇవి చాలు, హీటర్ కోర్ కారుతోందని పాత మెకానిక్ తేల్చేస్తాడు. ఇంజిన్ వేడిని మోసుకొచ్చే కూలెంట్‌తో చలిదేశాల్లో కారును వెచ్చబెట్టే బుల్లి రేడియేటర్ అది. సామాను చవకే, దాన్ని చేరుకోవడమే గగనం. 1990ల నాటి జీప్ చెరోకీలోనైతే డాష్‌బోర్డు ఊడదీయాలి, ఏసీ గ్యాస్‌ను ముందే రికవరీ యంత్రంలోకి లాగాలి. ఆ బండి గీసినవాళ్లు ఒక్కసారైనా ఈ పని చేసి చూడాల్సింది! పనితనమున్న మెకానిక్ బిగుసుకుపోయిన రబ్బరు గొట్టాన్ని గుంజడు, నిలువునా కోసి ఒలుస్తాడు. పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పులను పసిపిల్లల్లా సముదాయిస్తాడు. కొత్త కోర్ బిగించాక కూలెంట్‌లోని గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపి, కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూస్తాడు. బిల్లులో కూలీయే ఎక్కువ. బేరమాడకండి.