కిరాయి ఏ అక్షరం కింద?

ఈ వారం తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే మిగతాది నిమ్మళంగా రాయొచ్చు.

మంగళవారం పొద్దున మా శాలిబండ గల్లీ దర్జీ భాయ్ మెడలో టేపుతోనే ఇంటికొచ్చాడు. "సాబ్, మాలిక్ మల్గి ఖాళీ చెయ్యమంటున్నడు. ఖానూన్ ఏమంటది?" నలభై ఏళ్లుగా ఆయన కొట్టు ఆ మల్గిలోనే. ఇప్పటికి నెల కిరాయి 2,800. నేను వకీలును కాను. చట్టాల పుస్తకాలను వెనక పేజీల నుంచి చదివే పిచ్చి మాత్రం నాకుందని గల్లీకంతా తెలుసు, ఈ కాలమ్ చదివే మీకూ తెలుసు.

కాబట్టి పాత పాటే మళ్లీ పాడతాను, ఓర్చుకోండి. రిఫరెన్సు పుస్తకం మంచిచెడ్డలు తేల్చడానికి ముందుమాట చదవక్కర్లేదు. జనం నోట నలిగే మాట ఒకటి పట్టుకుని వెనక సూచికలోకి దిగాలి. దొరికితే కొనాలి, లేకపోతే కొట్టువాడికి సలాం కొట్టి వచ్చెయ్యాలి. బుధవారం ఆ పరీక్ష పెట్టాను. నా అలమరాలోని ఏ సూచికలోనూ మల్గి లేదు, కిరాయి లేదు. ఎందుకుంటాయి? 1954 నాటి హైదరాబాద్ చట్టం పేరులో ‘హౌసెస్’ అని ఉండేది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాక అవి ‘బిల్డింగ్స్’ అయ్యాయి. తెలంగాణ వచ్చాక పేరు ముందు రాష్ట్రం మారింది. గోడ అదే, షట్టరు అదే. ఇంగ్లీషు అక్షరాల వరసలో మాత్రం హెచ్ నుంచి ఏకి, ఏ నుంచి టీకి మకాం మార్చింది. పాత పేరు దగ్గర ‘ఫలానా చోట చూడు’ అని ఒక్క ముక్క వేసిన పుస్తకం కనబడితే కళ్లకద్దుకుంటాను.

పుస్తకాలు వదిలి ఒక సర్కారీ వెబ్‌సైటు తెరిచాను. జీవో కావాలంటే శాఖ, నంబరు, తేదీ చెప్పమంది. ఆ మూడూ తెలిసినవాడు వెతుక్కోవడం దేనికి? 2005 నాటి సమాచార హక్కు చట్టం దరఖాస్తు సంగతి సెక్షన్ 6లో చెబుతుంది. రికార్డులకు పట్టికలు, సూచికలు వేసి పెట్టుకోమని ఆఫీసులకు అంతకుముందే, సెక్షన్ 4లోనే చెప్పింది. మనం మాత్రం ఆ సెక్షన్ దాటేసి నేరుగా దరఖాస్తులకొచ్చాం.

ఇక్కడ నాకు మున్షీ సాబ్ గుర్తొచ్చాడు. ఆయన గుర్తొస్తే కాలమ్ సగం ఆయనకే పోతుంది.

పురానీ హవేలీ కోర్టుల దగ్గర ఓ వకీలు వద్ద గుమాస్తా. మా నాన్న ఇంటి దావా రోజుల్లో వాయిదా వాయిదాకూ నన్ను ఆయన బల్ల దగ్గర కూర్చోబెట్టేవాడు. ఆ బల్ల మీద ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి బహీ ఉండేది, కిరాణా కొట్లో ఖాతా పుస్తకంలాంటిది. పైన ఉర్దూ, కింద వంకర తెలుగు. అందులో చట్టాల పేర్లు శీర్షికలుగా ఉండేవి కావు. మల్గి. మోరీ. పక్కింటి గోడ. మెహర్. చనిపోయినవాడి బ్యాంకు పైసలు. వచ్చినవాడు ఏ మాటతో ఏడిస్తే ఆ మాట కింద సెక్షన్, జీవో, తీర్పు. ఒకచోట భూమి శిస్తు చట్టం పక్కన ‘1317 ఫసలీ’ అని చూసి నేను తెల్లబోతే నవ్వాడు. "590 కలుపు బేటా." కలిపితే మన క్యాలెండర్లో 1907. ఆ పాతకాలపు చట్టం ఇప్పటికీ మన రెవెన్యూ ఆఫీసుల్లో నడుస్తోంది.

ఆయన పోయాక బహీని రద్దీవాడికి వేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. బుధవారం రాత్రి అది తీశాను. ‘మల్గి’ కింద ముత్యంలాంటి ఎంట్రీ: జీవో 636, 29-12-1983, కిరాయి వెయ్యి దాటితే చట్టం వర్తించదు. అచ్చు పుస్తకాలూ వెబ్‌సైటూ చూపించని దారి రెండు నిమిషాల్లో దొరికింది. ఇంగ్లీషు సూచికల మీద, కంప్యూటర్ల మీద గెలిచినంత సంబరం. గురువారం పొద్దున దర్జీ భాయ్‌కి చెప్పేశాను: "వెయ్యి దాటింది భాయ్, ఖానూన్ నీ దిక్కు లేదు." టేపు సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం మా గల్లీలోనే ఉండే వకీలమ్మాయి విని నెత్తి కొట్టుకుంది. "అంకుల్, 2005లో చట్టాన్నే సవరించారు. కార్పొరేషన్ హద్దులో 3,500 దాటితేనే మినహాయింపు. ఆయన కిరాయి ఏనాడూ అంత లేదు. రెంట్ కంట్రోలర్ ముందు చట్టంలో రాసిన కారణం చూపించకుండా మాలిక్ ఆయన్ని లేపలేడు."

ఆ రాత్రి బహీ మీద కోపం వచ్చింది. ఇన్నేళ్లు నెత్తిన పెట్టుకున్న సూచిక ఒక దర్జీని రోడ్డున పడేసేది. ఇంటిమాట దొరికితే చాలనే నా పరీక్ష ఉత్తిదని రాద్దామనే ఈ కాలమ్ మొదలుపెట్టాను. శుక్రవారం అదే పేజీ మళ్లీ చూశాను. ఎంట్రీ పక్కన మూలకు చిన్న అంకెలు: 1393, కొట్టివేత. 1398, కొట్టివేత. 1406. కోర్టు గుమాస్తా పుస్తకం కదా, ఏవో కేసు నంబర్లనుకునేవాణ్ని. 590 కలిపి చూశాను. 1983. 1988. 1996. ఆ ఏడే ఆయన పోయాడు.

ప్రతి ఎంట్రీనీ ఆఖరుసారి ఎప్పుడు సరిచూసిందీ ఆయన రాసి పెట్టుకున్నాడు. నా అలమరాలో ఏ పుస్తకమూ, ఆ వెబ్‌సైటూ ఇది ఇంతవరకే చెల్లుతుందని ఎంట్రీకొకసారి చెప్పవు. బహీ చెప్పింది. ఎలా చదవాలో ఆయన నాకు చిన్నప్పుడే నేర్పాడు కూడా.

దర్జీ భాయ్‌కి క్షమాపణ చెప్పి వకీలమ్మాయి దగ్గరికి పంపాను. 1406 మీద గీత గీద్దామని పెన్ను తీశాను, చెయ్యి రాలేదు. దాని పక్కనే 2005 సవరణ రాసి, కింద ఈ ఏటి ఫసలీ వేశాను. వచ్చే ఏడు దాన్ని కొట్టేసే పని నాది.