ఇంగ్లీషు స్థలవాచకములు – తెలుగు విభక్తులు

ఇంగ్లీషు నేర్చు తెలుగు బాలునకు పెద్ద మాటలవలన కలుగు చిక్కు తక్కువ. చిన్న మాటలవలన కలుగు చిక్కు ఎక్కువ. ఎట్, ఆన్, ఇన్ అను మూడు మాటలే ఇందుకు సాక్ష్యము. పాఠముల చివర నుండు పదపట్టికలలో వీనికి వరుసగా ‘వద్ద, మీద, లో’ అని అర్థములు వ్రాయుట పరిపాటి. ఈ పట్టికను వల్లించిన బాలుడు ‘ఆన్ ది బస్’ అని చదివినప్పుడు, ప్రయాణికుడు బస్సు కప్పుపై కూర్చున్నాడని తలచును. తప్పు బాలునిది కాదు. రెండు భాషలును ఒకే కొలబద్దతో నేలను కొలుచునని నమ్మించిన పట్టికది.

ఇంగ్లీషు చోటును మూడు విధములుగా చూచును: బిందువుగా, తలముగా, ఆవరణముగా. ఊత్తుకోటలో బస్సు మారువానికి ఆ ఊరు దారిలో నొక బిందువు, కావున ఎట్. అచ్చట కాపురమున్నవానికి అదియే ఆవరణము, కావున ఇన్. ఆరణి యేటి గట్టు తలము, కావున ఆన్. ఊరు మారలేదు, చూచువాని యుద్దేశము మారినది. తెలుగువాడు బస్సు మారినను ఊత్తుకోటలోనే మారును, కాపురమున్నను ఊత్తుకోటలోనే యుండును. ఇంతమాత్రమున తెలుగునకు సూక్ష్మదృష్టి లేదని తీర్పు చెప్పరాదు. గోడ మీద బల్లి, గోడకు పటము. చెట్టు మీద కాకి, చెట్టుకు కాయలు. చేతి మీద ఈగ, చేతికి గాజులు. వచ్చి వాలినదానికి ‘మీద’, అంటియుండుదానికి, అమర్చినదానికి ‘కు’. వీనిలో చాలవాటికి ఇంగ్లీషున ఆన్ అను ఒక్కమాటయే చెల్లును. బల్లికిని పటమునకును గల భేదమును తెలుగు విభక్తి పట్టుకొన్నది, ఇంగ్లీషు విడిచిపెట్టినది.

మన వ్యాకరణములు గూడ ఈ విషయమున బోధకునకు తిన్నని దారి చూపుట లేదు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణమున అందు, ఇందు, న అనునవి సప్తమిగా చెప్పబడినవి. కు, లోపల అనునవి షష్ఠిలో చేరినవి. సంస్కృత విభక్తుల చట్రమున తెలుగును కూర్చుటవలన కలిగిన యమరిక యిది. సూరిని తప్పుపట్టుటకు కాదు. ఆయన కూర్చినది ఇంగ్లీషు బోధకుల కొరకు కాదు గదా! కాని సప్తమి యనగా ‘చోటు’ అని కంఠస్థము చేయించి, దానినే ఎట్, ఆన్, ఇన్‌ల పక్కన నిలుపు బోధకుడు, చోటును చెప్పు పనిలో సగము షష్ఠీ ప్రత్యయములే చేయుచున్నవని మరచుచున్నాడు. ఇందుకంటె బ్రౌను మార్గము మేలు. 1852లో వెలువడిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వాడుకమాటలకు చోటిచ్చినది, ప్రయోగములు చూపి అర్థము తేల్చినది.

ఊత్తుకోట, తిరుత్తణి ప్రాంతముల తెలుగు బిడ్డకు ఇంకొక చిక్కు కలదు. తమిళనాడున 2006 నాటి చట్టముచే తమిళము పాఠశాలలయందు తప్పనిసరి యైనది. ఆ బిడ్డ ఇంగ్లీషు చోటును తెలుగుతోను తమిళముతోను పోల్చుకొనవలెను. తమిళపు ‘ఇల్’ చాలవరకు మన ‘లో’ వలె నడచును. కాని మన ‘కు’ ఉన్నచోట తమిళము తరచుగా ‘ఇల్’ వాడును. చెట్టుకు కాయలు తమిళమున ‘మరత్తిల్’ కాయలు. తమిళపు ఇల్ ఒకవైపు, ఇంగ్లీషు ఆన్ ఒకవైపు నెట్టగా, ‘చెట్టులో కాయలు’ అనియు, ‘గోడ మీద పటము’ అనియు వ్రాయుటకు దారి యేర్పడును. అట్లు వ్రాసినవాని ఇంగ్లీషు చక్కబడదు, తెలుగు మాత్రము చెడును.

ఎదుట అను మాటయు నట్టిదే. బడి వాకిట చెట్టున్నను, బడికి రోడ్డు కావల దుకాణమున్నను తెలుగున ‘ఎదుట’ చెల్లును. ఇంగ్లీషున మొదటిది ఇన్ ఫ్రంట్ ఆఫ్, రెండవది ఆపోజిట్. ఎగువ, దిగువల సంగతి మరింత రసవంతము. ఆరణి యేరు పిచ్చాటూరు వైపునుండి వచ్చి ఊత్తుకోట దాటి పెరియపాళెము మీదుగ తూర్పునకు పోవును. ఇచ్చటివారికి పిచ్చాటూరు ఎగువ, పెరియపాళెము దిగువ. ఈ ఎగువకు ఇంగ్లీషున అప్‌స్ట్రీమ్. మిట్టనున్న చేనిని ఎగువ చేననినచో అప్పర్; కొండదారి యైనచో అప్‌హిల్. నీటి వాలును నేల వాలును ఒక్కమాటలో ఇమిడించుకొన్నది సేద్యగాని భాష. ఎగువకు ‘అబౌ’ అని పట్టికలో వ్రాసి ఊరకున్నచో, పిచ్చాటూరు ఊత్తుకోట నెత్తిపై వ్రేలాడునట్లు తోచును.

నామవాచకములలో స్థలము, చోటు, తావు, ప్రదేశము, స్థానము, నెలవు అని మనకు సమృద్ధి యున్నది. ఇంగ్లీషున ప్లేస్, సైట్, స్పాట్, లొకేషన్, పొజిషన్ అని వారికిని ఉన్నది. ఇవి జతలు జతలుగా కలియవు. ఇల్లు కట్టు స్థలము సైట్. కూర్చుండ స్థలము లేదనినచో సైట్ కాదు, రూమ్ లేదా స్పేస్. ‘మీదే ఊరు?’ అను ప్రశ్నకు ఇంగ్లీషువానికి సరియైన నామమే లేదు; వేర్ ఆర్ యు ఫ్రమ్ అని చుట్టు తిరుగును. మనవారు నేటివ్ ప్లేస్ అని కల్పించుకొనిరి. దీనిని చూచి నవ్వువారు కలరు గాని, ‘సొంత ఊరు’ అను భావమునకు తావిచ్చిన ఆ మాట నవ్వదగినది కాదు. అవుట్ ఆఫ్ స్టేషన్ అనునది కంపెనీ ఉద్యోగులు ‘స్టేషను’లలో నివసించిన నాటి శేషము. మొఫసిల్ అను మాట అరబ్బీ నుండి హిందూస్థానీ మీదుగ కచేరీ ఇంగ్లీషున చేరినది. 2002లో తెరచిన కోయంబేడు బస్సు నిలయమునకును చెన్నై మొఫసిల్ బస్ టెర్మినస్ అనియే పేరు పెట్టిరి. ఇంగ్లండులో పుట్టి పెరిగినవానికి ఈ మాట విడమరచి చెప్పక తప్పదు.

స్థలవాచకముల సూక్ష్మత పరీక్షాపత్రముతో ముగియునది కాదని ఈ సీమకు తెలిసినంతగా మరొక సీమకు తెలియదు. 1957 నాటి పటాస్కరు నిర్ణయమున గ్రామము ప్రమాణమైనది. భాషాధిక్యముతో పాటు ప్రదేశముల కలయికయు చూడబడినది. ఆ కలయికకు ఇంగ్లీషు మాట కంటిగ్యుటీ. నియర్ అనిన దగ్గర. కంటిగ్యువస్ అనిన ఎల్లను ఎల్ల తాకవలెను. 1959 నాటి సరిహద్దుల మార్పు చట్టము 1960 ఏప్రిల్ 1న అమలులోనికి రాగా తిరుత్తణి మద్రాసునకు పోయెను, ఉత్తరముననున్న సత్యవేడు ఆంధ్రమునకు వచ్చెను, ఊత్తుకోట మద్రాసులోనే నిలిచెను. తెలుగు మాటలాడు ఊరు తెలుగు ఊళ్లకు దగ్గరనే యున్నను ఎల్ల తాకనిచో, అట్టి ప్రమాణమున దాని వాదము నిలువదు. దగ్గర, ఆనుకొని అను రెండు మాటల నడుమ ఎడము అంతటిది.

కొత్త వస్తువుతో వచ్చిన కొత్త మాటను కాదనుట వృథా. 1983 నాటి ఒప్పందముచే త్రవ్విన కండలేరు-పూండి కాలువలో కృష్ణాజలము 1996లో తమిళనాడు చేరినది. కాలువ రాష్ట్రమున ప్రవేశించు ఊత్తుకోట సమీపస్థలమునకు జీరో పాయింట్ అని పేరు. నీటిని కొలుచుటకు ఒక బిందువు కావలసినది, బిందువును చూచు భాష ఆ పేరు నిచ్చినది. సున్న చుక్క అని దానిని తెనిగించి సాధించునది లేదు. బస్టాండు, చెక్‌పోస్టులును అట్టివే. లొకేషన్ మాట వేరు. ఫోనునుండి లొకేషన్ పంపుట సులభము, ఉపయుక్తము గూడ. కాని ఆ చుక్క అక్షాంశ రేఖాంశములనే తెలుపును. అది యేటి కీవలనో ఆవలనో, చెరువునకు ఎగువనో దిగువనో చూచువాడే తెలిసికొనవలెను. చుక్కను పంపి ఊరకుండు అలవాటు ముదిరినచో మొదట జారిపోవునవి ఈ మాటలే.

ఊరిపేర్ల ఇంగ్లీషు వర్ణక్రమమును గూర్చి 2020 జూనులో తమిళనాడు ప్రభుత్వము వేయికి పైగా పేర్లు సవరించుచు ఉత్తరువు ప్రకటించి, కొలది దినములలోనే ఉపసంహరించుకొన్నది. పేరును ఏ అక్షరములతో వ్రాయవలెనను తగవునకు లభించు శ్రద్ధలో నాలవవంతైనను ఆ పేరు ముందు ఏ చిన్నమాట నిలువవలెనను దానికి లభించుట లేదు. ఊత్తుకోట పేరునే తీసికొన్నచో, తమిళపు ఊత్తు, తెలుగు ఊట ఒక్క ధాతువునుండి పుట్టిన తోబుట్టువులు. ఆ బంధుత్వము ఏ రోమను వర్ణక్రమమునను కనబడదు.

కావలసినది పట్టిక కాదు, వాక్యముల జత. ఎగువ అను మాట క్రింద ఏరు, చేను, కొండదారి మూడింటికి మూడు తెలుగు వాక్యములు, వాని కెదురుగా మూడు ఇంగ్లీషు వాక్యములు. ఆన్ క్రింద బల్లియు పటమును, ఈగయు గాజులును, పక్కన తమిళ వాక్యము. ఎదుట క్రింద బడి వాకిటి చెట్టు, రోడ్డు కావలి దుకాణము. వాక్యములలోని ఊళ్లు పిచ్చాటూరు, సత్యవేడు, సురుటుపల్లి, పూండి కావలెను గాని లండను, బ్రిస్టలు కాదు. బాలుడు తలయెత్తి కిటికీనుండి దిక్కు చూచి వాక్యమును సరిదిద్దుకొనగలుగవలెను.